మొదటిసారి వద్దంటే

నన్ను లైబ్రరీకి తీసుకెళ్ళింది జీవరే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆ ఎండాకాలం అయ్యేసరికి మా వాళ్ళంతా, చేయి పట్టుకుని నడిపించిన మనిషికే ద్రోహం చేసిందని నన్ను ఆడిపోసుకున్నారు. చేయి పట్టుకున్న మాట నిజమే. మా అత్త పోయి, నలభయ్యో రోజు తంతు అయిన మర్నాడు మా మెట్లెక్కి వచ్చి, బొటనవేలితో నా కళ్ళు తుడిచి మరీ పిలిచింది.

"ఎన్నాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చుంటావే మర్జియా? మంగళవారం లైబ్రరీకి రా. ఇంగ్లీషు నేర్పుతారు, బస్సులో ఊరు తిప్పుతారు. నలుగురిలో పడితే మనసు తేలికపడుతుంది."

"నాకు చదువెక్కడొస్తుంది అక్కా?"

"రాకపోతే పోనీ. టీ తాగి వద్దువుగాని."

షెపర్టన్‌లో క్వెట్టా నుంచి వలసొచ్చిన మా హజారా కుటుంబాలన్నిటికీ జీవరే నోరు, జీవరే చెవి. మా అందరికంటే పదేళ్ళు ముందొచ్చింది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లాడు బళ్ళో కొట్టుకున్నా, ఏ ఆఫీసు నుంచి ఉత్తరమొచ్చినా ఆమె తెల్ల వ్యాను వాకిట్లో ఆగాల్సిందే. ఆమె ఏం చెబితే అదే ఆఫీసరు చెప్పినట్టు, ఆఫీసరుకి ఆమె ఏం చెబితే అదే మేం చెప్పినట్టు. నేనూ అలాగే నమ్మాను.

మా అత్తని ఊరంతా ఆబయ్ అనేది. అమ్మ అని అర్థం. మేముండేది మేడమీద, పదిహేడు మెట్లు. క్వెట్టా నుంచి వచ్చిన రోజు మా ఆయన ఇవాజ్ ఆమెని వీపున మోసుకుని పైకి తెచ్చాడు. ఆబయ్ మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. ఆ తర్వాత ఆస్పత్రికి తప్ప ఆమె కిందకి దిగింది లేదు. కిటికీ దగ్గర కూర్చుని పక్కింటి పెరడు చూసేది. "అంత మన్ను పెట్టుకుని గడ్డి పెంచుకుంటున్నారు, బుద్ధిలేని మనుషులు. నాకైతే ఓ మూల తవ్వి తందూరు పెట్టేదాన్ని," అనేది. కరెంటు పొయ్యిలో నేను కాల్చిన రొట్టెని వేళ్ళతో ఒత్తి చూసి, ఏమీ అనకుండా తినేది. అనకపోవడమే నాకు తిట్టు.

ఆబయ్ పోయిన ఏడాది ఏప్రిల్‌లో కింది ఇంటి కోసం మేం జాబితాలో పేరు రాయించుకున్న సర్కారు ఇళ్ళ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఫోనులో దుబాసీ దొరక్కపోతే జీవర్ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆఫీసరమ్మ కంప్యూటర్ తిప్పి ఫోటో చూపించింది. ఆకుపచ్చ గేటు, రెండే మెట్లు, వెనక బోలెడు పెరడు. ఆ మెట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మీకు కావాలా అని ఆమె అడిగిందని జీవర్ చెప్పింది.

మా ఇళ్ళల్లో అడగ్గానే ఔనంటే ఆశపోతు కింద లెక్క. మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారి వాళ్ళ బలవంతం మీద తీసుకోవాలి. పాలు తాగే వయసు నుంచీ ఒంటబట్టిన మర్యాద అది. చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "అంత మంచి ఇల్లు మాకెందుకు? మాకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఉండరూ?" అన్నాను. జీవర్ ఇంగ్లీషులో చెప్పింది. నేనన్నదాని కంటే ఆమె చెప్పింది పొడుగ్గా ఉంది. ఇంగ్లీషులో అంతే కాబోలనుకున్నాను. ఆఫీసరమ్మ తలూపి, ఏదో టైపు చేసి, లేచి నిలబడింది. ఆమె రెండోసారి అడుగుతుందని నేను కూర్చునే ఉన్నాను.

"పద, ఆలోచించుకుని చెబుతారట," అంది జీవర్.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. జీవరే చదివింది. "ఇంకా వరస రాలేదట. ఓపిక పట్టమన్నారు." జూన్‌లో ఆకుపచ్చ గేటు ఇంట్లోకి జీవర్ తమ్ముడి కుటుంబం దిగింది. జాబితాలో వాళ్ళు మా వెనకే ఉండేవాళ్ళు. వాళ్ళ వరస ముందొచ్చిందని జీవర్ చెబితే, ఆఫీసు లెక్కలు మనకేం తెలుస్తాయి అనుకుని, బూస్రాగ్ రొట్టెలు పళ్ళెం నిండా వేయించి తీసుకెళ్ళాను. ఇంటికొచ్చి చెబితే ఆబయ్, "పోనీలే, మన పిల్లలకే ఎవరికో మన్ను దొరికింది," అంది. జూలైలో, ఇక్కడ చలికాలం ముదిరినప్పుడు, ఆ మేడమీదే పోయింది. పదిహేడు మెట్లూ నలుగురు మోసి దింపారు.

ఇక లైబ్రరీ. మంగళవారం పూట, నేను పనిచేసే పళ్ళ షెడ్డులో నాకు సెలవు. నోరీన్ అనే డెబ్భయ్యేళ్ళ ఆవిడ పాఠం చెప్పేది. పూర్వం పాలడైరీ నడిపిందట. మాట మోటు, మనసు మెత్తన. పిల్లల పుస్తకాలు ముందేసి ఒక గంట చదివించేది. రెండు వారాలకోసారి లైబ్రరీ బస్సు తనే తోలుకుంటూ మమ్మల్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళేది. కూరగాయల కొట్టు, బ్యాంకు, ఆస్పత్రి. ఎక్కడికెళితే అక్కడి మాటలు. బస్సులో ముందు సీటు జీవర్‌ది. పేర్ల కాగితం కూడా ఆమె చేతిలోనే.

నవంబరులో ఫైరింజను స్టేషనుకి వెళ్ళాం. అక్కడి అబ్బాయి నీళ్ళ గొట్టం విప్పి, పట్టుకుంటారా అని వరసగా ఒక్కొక్కరినీ అడిగాడు. పట్టుకోవాలని అందరికీ ఉంది. పందొమ్మిది మందిమీ గుండెల మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాం. పందొమ్మిదో మనిషి కూడా వద్దనేసరికి అతను గొట్టం చుట్టేసి లోపల పెట్టేశాడు.

బస్సెక్కాక చూడాలి గోల.

"ఇంకోసారి అడిగితే వాడి సొమ్మేం పోయేది?" అంది ముసలి తైబా, వచ్చీరాని ఇంగ్లీషులో.

"మీరేగా వద్దన్నారు," అంది నోరీన్ స్టీరింగ్ ముందు నుంచి. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు.

జీవర్ వెనక్కి తిరిగి మా భాషలో పకపకా నవ్వింది. "ఓసి మొద్దుల్లారా, ఇక్కడ వద్దంటే వద్దే. రెండోసారి అడిగేవాడు ఉండడు. వచ్చిన మొదటి నెలలోనే నాకు తెలిసింది. మీకు ఈ జన్మకి తెలీదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. మొదటి నెలలోనే తెలిసిందంది. అంటే ఏప్రిల్‌లో ఆ ఆఫీసులో కూర్చున్న జీవర్‌కి పదేళ్ళకి పైగానే తెలుసు. నేను వద్దన్నది మర్యాదకని తెలుసు, అవతలావిడ ఇక అడగదనీ తెలుసు. ఇంటికెళ్ళే దాకా ఆమె జడనే చూస్తూ కూర్చున్నాను.

సొరుగులోంచి ఇళ్ళ ఆఫీసు ఉత్తరం తీసి, తర్వాతి మంగళవారం నోరీన్ ముందు పెట్టాను. ఇంటికొచ్చే కాగితాలు తెచ్చుకోమని తనే చెప్పేది. జీవర్ ఆ రోజు ఎవరినో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నోరీన్ నా చేతే చదివించింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి, నేను తడబడిన చోట ఆగి, అర్థం చెప్పి, మళ్ళీ కదిలేది. ఆరు వరసలకి అరగంట పట్టింది. మీతో వచ్చినావిడ చెప్పినదాన్ని బట్టి మీ కుటుంబానికి ఇప్పుడున్న ఇల్లే నచ్చిందనీ, మీ అత్తగారికి మెట్లు ఇబ్బంది కాదనీ తెలిసింది, అందుచేత ఆ ఇంటిని జాబితాలో తర్వాతి వారికి ఇస్తున్నాం అని ఉంది.

"మీ అత్త మెట్లు బాగానే ఎక్కేదా?" అంది నోరీన్.

"లేదు."

"ఇప్పుడెలా ఉంది?"

"చనిపోయింది."

నోరీన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నీతో వెళ్ళింది ఎవరు మర్జియా? ఫిర్యాదు రాద్దాం. నేను రాస్తాను, నువ్వు సంతకం పెట్టు."

"వద్దు," అన్నాను. ఆమె దాన్ని వద్దుగానే తీసుకుని ఊరుకుంది. ఫిర్యాదు రాస్తే ఎవరో ఆఫీసరు జీవర్‌ని పిలిచి రెండు మాటలంటాడు. నాకు అది చాలదు.

ఇవాజ్‌కి చెబితే నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "కడుపులో పెట్టుకోవే. ఆమెతో గొడవ పెట్టుకుంటే రేపు మనకి ఆస్పత్రికి ఎవరొస్తారు?" అన్నాడు.

"నేనొస్తాను," అన్నాను.

చదువు మీద ప్రేమతో నేర్చుకున్నవాళ్ళుంటారు. నేను కసితో నేర్చుకున్నాను. డిసెంబరు ఎండల్లో, రేకుల షెడ్డులో పియర్ పళ్ళు పెట్టెల్లో సర్దుతూ, పెట్టె మీద రాసిన ప్రతి మాటా పైకి చదివేదాన్ని. పక్కనున్న వియత్నాం పిల్ల విసుక్కుని చెవుల్లో పాటలు పెట్టుకుంది. మంగళవారం ఒక్కరోజు చాలక, షెడ్డు నుంచి రోజూ తిన్నగా లైబ్రరీకి పోయి, తలుపులు మూసేదాకా కూర్చునేదాన్ని. కొత్త మాట వచ్చినప్పుడల్లా దాన్ని జీవర్ మొహం మీద విసిరినట్టు ఊహించుకునేదాన్ని. అలా చేస్తే మాట మరిచిపోం, కావాలంటే చేసి చూడండి.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను, ఇంగ్లీషు కంటే కష్టమైనది. అడగ్గానే ఔననడం. నోరీన్ టీ కావాలా అంటే ఔననేదాన్ని. బిస్కెట్టు ఇస్తే తీసుకునేదాన్ని. మొదట్లో చెంపలు వేడెక్కేవి. జనవరిలో లైబ్రరీకి ఒకతను కొండచిలువని తెచ్చి, ఎవరు పట్టుకుంటారు అన్నాడు. అతని నోట్లో మాట నోట్లో ఉండగానే "నేను" అన్నాను. మెడ చుట్టూ వేశాడు. చల్లగా, బరువుగా ఉంది. జీవర్ వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఇదేం రోగమే నీకు? పామునిస్తానన్నా మొహమాటపడవా?" అంది జీవర్. అందరూ నవ్వారు.

"నేర్చుకుంటున్నాను అక్కా, నీ దగ్గరే," అన్నాను.

ఫిబ్రవరికి ఆడవాళ్ళు ఒకరొకరే నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ముందు తైబా వచ్చింది, షుగరు మందుల కాగితం పట్టుకుని. "జీవర్ అయితే ఊరంతా చాటుతుంది, నువ్వు చదువమ్మా," అంది. తర్వాత ఇంకొకరు, వాళ్ళ చెల్లెలు. నా ఇంగ్లీషు కుంటిదే, కానీ వాళ్ళు ఒక మాటంటే నేనూ ఒక మాటే చెప్పేదాన్ని, రెండు చెబితే రెండు. జీవర్ గమనించకపోలేదు. ఒకరోజు నవ్వుతూనే, "నా వ్యానుకి పని లేకుండా చేసేలా ఉన్నావే," అంది. ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. ఆ జనవరిలోనే ఆమె మొగుడు తోటలో నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ముగ్గురు పిల్లలు. ఇంట్లో సంపాదించే చెయ్యి లేదు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ తర్వాతి పని చేశాను.

ఎండాకాలం చివర, మార్చి మొదటి ఆదివారం, నది ఒడ్డున అందరి కుటుంబాలతో భోజనాలు పెట్టుకున్నాం. నోరీన్‌కి అదే ఆఖరి రోజు. మోకాలి ఆపరేషను చేయించుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆమె స్థానంలో మా ఆడవాళ్ళలోంచే ఒకరిని జీతం మీద పెట్టుకుంటామని లైబ్రరీ పెద్ద, ఫియోనా, అప్పటికే చెప్పి ఉంది. ఎవరిని అన్నది చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఆ పని చేస్తున్నది జీవరే. ఆ రోజు ఆమె కొత్త నీలం బట్టలు కట్టుకుని, కళ్ళకి సుర్మా పెట్టుకుని వచ్చింది.

చెట్ల నీడలో తివాచీలు పరిచారు. ఒక పక్క హాజీ ఖాదిం, మిగతా తెల్లగడ్డాల పెద్దలు కూర్చున్నారు. ఇంకోపక్క మేము. పులావు తిన్నాక ఫియోనా నిలబడి నోరీన్‌ని పొగిడి, జీవర్ వైపు తిరిగింది.

"జీవర్, ఈ పని మీరు చేస్తే బాగుంటుందని మా అందరి కోరిక. చేస్తారా?"

పెద్దలందరూ ఇటే చూస్తున్నారు. జీవర్ మొహం ఎర్రబడింది. చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. పెద్దల ముందు పెరిగిన ఆడది వేరేలా చేయలేదు, ఎన్ని దేశాలు దాటినా.

"అయ్యో, నేనెంతదాన్ని. నాకంటే తగినవాళ్ళున్నారు. మర్జియాకి ఇవ్వండి, ఎంత బాగా నేర్చుకుందో," అంది ఇంగ్లీషులో. అదే మాట పెద్దల కోసం మా భాషలో కూడా అంది. హాజీ ఖాదిం మెచ్చుకుంటూ గడ్డం నిమురుకున్నాడు.

ఆమె అంత తెలివితక్కువది కాదు. ఇక్కడ వద్దంటే వద్దేనని మర్చిపోనూ లేదు. కానీ పక్కనే నేనున్నాను. ఇప్పుడు నేను, అయ్యో అక్కా, నువ్వుండగా నేనా, అనాలి. తర్వాత నోరీన్ అడగాలి. ఆ ఎండాకాలమంతా మాకు టీలిచ్చి ఇచ్చి నోరీన్ మూడుసార్లు అడగడం నేర్చుకుంది. అప్పుడు జీవర్ తలవంచుకుని ఒప్పుకుంటుంది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ప్రతి భోజనం దగ్గరా మేమంతా వెయ్యిసార్లు చేసిన పనే అది. జీవర్ నా వైపు తిరిగి, నా మాట కోసం చూస్తోంది. నోరీన్ నోరు తెరవబోతోంది.

నేను లేచి నిలబడ్డాను.

"థాంక్యూ. నేను చేస్తాను," అన్నాను ఫియోనాతో. "జీవర్ అక్కకి తీరిక లేదు. భర్తకి బాగాలేదు, పిల్లలున్నారు. ఆమె నిజంగానే వద్దంటోంది."

మాటలన్నీ తప్పు లేకుండా వచ్చాయి. ఫియోనా నిజమా అన్నట్టు జీవర్ వైపు చూసింది. జీవర్ అప్పుడైనా కాదనొచ్చు. కానీ హాజీ ఖాదిం ముందు ఇచ్చిన మాట, ఆయన మెచ్చుకున్న మాట. వెనక్కి తీసుకుంటే ఆశపోతు తనే అవుతుంది. ఆమె చెయ్యి ఇంకా గుండెల మీదే ఉంది. నెమ్మదిగా తలూపింది. ఫియోనా నవ్వుతూ వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది. నోరీన్ మాత్రం నవ్వలేదు. కాసేపు నన్నే చూసి, ఖాళీ పళ్ళేలు ఏరుకుంటూ వెళ్ళిపోయింది.

జీవర్ కత్తి తీసుకుని పుచ్చకాయ కోసింది. మొదటి ముక్క నాకే ఇచ్చింది. ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. గింజలు కూడా ఉమ్మకుండా తిన్నాను.

ఇంటికి వస్తుంటే కారు ఇవాజ్ తోలుతున్నాడు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ఆబయ్ బతికుంటే, ఇవాళ నువ్వు చేసిన పనికి నిన్ను గడప తొక్కనిచ్చేది కాదు."

"ఆబయ్ బతికుంటే నాకా పని చేసే అవసరమే వచ్చేది కాదు," అన్నాను.

ఆయన తల్లి, నా అత్త. ఆయన దుఃఖం ఆయనది, నా కోపం నాది.

మంగళవారం పొద్దున తాళాలు తీసుకుని అరగంట ముందే వెళ్ళాను. జీవర్ అప్పటికే లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉంది. సుర్మా లేదు. ముఖం వాడిపోయి ఉంది. పేర్ల కాగితం మడత విప్పి నా చేతికిచ్చింది.

"ఉత్తరం చదివావా?" అంది.

"చదివాను."

"ఎప్పుడు?"

"నవంబరులో."

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "నాలుగు నెలలు నా పక్కన కూర్చుని టీ తాగావు."

"నువ్వు మా ఇంట్లో ఆబయ్ పక్కన కూర్చుని తాగలేదా?"

ఆమె తల దించుకుంది. దారిన పోయేవాళ్ళకి వినబడకుండా చెప్పింది. "అప్పుడు మా మరదలికి ఎనిమిదో నెల. నా వంటింట్లో పడుకునేది, ఇద్దరు పిల్లల్ని చెరో పక్కా వేసుకుని. మీకు కనీసం గోడలున్నాయి కదా అనుకున్నాను. మీకు ఇంకో ఇల్లు వస్తుందిలే అనుకున్నాను. ఆబయ్ అంత తొందరగా పోతుందని నాకేం తెలుసు?"

అబద్ధం చెప్పడం లేదు. అది నాకు తెలుస్తూనే ఉంది.

"పని నువ్వే ఉంచుకో, దాని గురించి రాలేదు," అంది. నా చెయ్యి పట్టుకుంది. అదే చెయ్యి, అదే పట్టు. "నన్ను క్షమించు మర్జియా. ఇంతటితో వదిలెయ్. ఈ బరువు మోయలేకపోతున్నాను."

ఒక్క మాట అంటే చాలు. మా దగ్గర ఎంత పెద్ద తప్పుకైనా, మనిషి గుమ్మంలోకొచ్చి అడిగితే కాదనరు. నోరీన్ అయినా, తైబా అయినా, ఆబయ్ అయినా ఆ మాట అనేసేవాళ్ళే. ఆబయ్ అయితే ముందు ఆమెని లేపి, మొహం కడుక్కోమని పంపి, తర్వాత రొట్టె పెట్టేది.

నేను నా చెయ్యి విడిపించుకున్నాను.

"నన్ను కాదు, ఆబయ్‌ని అడుగు," అన్నాను.

తాళం తీసి లోపలికెళ్ళి కుర్చీలు వేయడం మొదలుపెట్టాను. గాజు తలుపులోంచి ఆమె కనిపిస్తూనే ఉంది. కాసేపు మెట్ల మీదే ఉండి, లేచి, బట్టలు దులుపుకుని, వ్యాను దగ్గరికి నడిచింది. నాకు జాలి వేస్తుందేమోనని చూసుకున్నాను. ఆరేళ్ళయింది. ఇంకా వేయలేదు.